కటింగ్ మార్చుకో తమ్ముడూ, ఊరి పేరు మార్చకు

డిగ్రీ సీట్లు వచ్చేశాయి. ఈ పది రోజులుగా నా ఫోన్ నిండా తమ్ముళ్ల మెసేజ్‌లే. కుల ధ్రువీకరణ పత్రం పాతది చెల్లుతుందా, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు ఎలా చేయించాలి, హాస్టల్‌లో సీటు దొరక్కపోతే ఎక్కడ ఉండాలి... అన్నీ అడిగాక చివర్లో ఒక తమ్ముడు కాస్త ఆగి ఇలా రాశాడు: "అన్నా, నవ్వొద్దు. కాలేజీకి పోయేముందు ఏ కటింగ్ చేయించుకోమంటావ్? తక్కువలో అయిపోవాలి."

నేను నవ్వలేదు. ఆ ప్రశ్న నేనూ అడుగుదామనుకున్నా, ఏడేళ్ల కింద. అడగడానికి మా గూడెం నుంచి అంతకు ముందు డిగ్రీకి వెళ్లినవాళ్లు ఎవరూ లేరు. అందుకే తప్పు చేశా. ఆ తప్పు ఖరీదు కూడా చెప్తా.

పోడు పట్టాలు రాక జనం తిరుగుతుంటే, బడికి టీచర్ లేక తాళం వేస్తుంటే, నువ్వు కటింగ్ గురించి రాస్తున్నావా అని మన పెద్దలు కొందరు కోప్పడొచ్చు. కోప్పడండి, కానీ ఒక్కసారి చివరిదాకా చదవండి. నాతో పాటు డిగ్రీలో చేరిన మనవాళ్లలో ఇద్దరు దసరా సెలవులకి ఇంటికెళ్లి మళ్లీ రాలేదు. ఫీజు కట్టలేక కాదు. పాఠం అర్థం కాక కూడా కాదు. క్లాసులో కూర్చుంటే అందరూ తమనే చూస్తున్నట్టు అనిపించి. ఆ చూపు మొదట పడేది తల మీదే, బట్టల మీదే. మనం నోరు తెరిచి పేరు చెప్పకముందే మన గురించి వాళ్లొక లెక్క వేసేసుకుంటారు.

ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నవాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఆదివారం పొద్దున చెట్టు కింద కుర్చీ వేస్తారు. క్లాసు ప్రకారం లైను. ఒకే మిషన్, ఒకే నంబరు, తలకి రెండు నిమిషాలు. నాకు పదో తరగతి అయ్యేవరకు నా జుట్టు ఉంగరాలు తిరుగుతుందని నాకే తెలియదు, అంత పెరగనిస్తే కదా! తెలంగాణలో హాస్టల్ పిల్లల సబ్బు, నూనె ఖర్చులకి ఇచ్చే కాస్మెటిక్ ఛార్జీలని 2024 చివర్లో ఒకేసారి 200 శాతం పెంచారు. మంచిదే. కానీ ఒకేసారి అంత పెంచాల్సి వచ్చిందంటే అంతకుముందు మాకు ఎంత తక్కువలో బతుకు నడిపారో మీరే ఆలోచించండి.

అలా పెరిగినవాడికి పద్దెనిమిదేళ్లకి మొదటిసారి అద్దం ముందు కూర్చుని "ఎలా కావాలి తమ్ముడూ?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఏం చెప్పాలో తెలియదు. సిగ్గుపడి "మీ ఇష్టం అన్నా" అంటాడు. నేనూ అదే అన్నా.

కాలేజీలో మొదటి వారమే ఒక సీనియర్ నా పక్కన కూర్చుని చెయ్యి చాపాడు. "ఏం కోయదొరా, నా జాతకం చెప్పు." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పట్నంలో చాలామందికి కోయవాడంటే బస్టాండ్ దగ్గర చెయ్యి చూసి జోస్యం చెప్పే మనిషే. లేదంటే సినిమాలో ఆకులు కట్టుకుని మంట చుట్టూ గెంతే మనిషి. మా గూడెంలో జాతకాలు చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. మా నాన్నకి చెయ్యి చూడ్డం రాదు, దుక్కి దున్నడం వచ్చు. ఆ మాట నేను ఆ రోజు అనలేదు. నవ్వేవాళ్లతో కలిసి నేను కూడా నవ్వా. ఇప్పటికీ ఆ నవ్వే నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఆ సాయంత్రం ఒక పార్లర్‌కి వెళ్లి జుట్టు స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నా. 1500 రూపాయలు. అది ఆ వేసవిలో మా అమ్మ తునికాకు కోసిన డబ్బు, పుస్తకాలకని ఇచ్చింది. కట్టకి 50 ఆకులు. ఆ ఏడు మా కల్లంలో కట్టకి రెండు రూపాయలు పడింది. లెక్క వేసుకోండి. 750 కట్టలు, 37,500 ఆకులు. ఒక్కో ఆకు వంగి కోసింది, ఇంటికి తెచ్చి కట్ట కట్టింది. నేను రెండు గంటలు కుర్చీలో కూర్చుని తల మీద పోయించుకున్నా.

ఏమైంది? రెండు నెలలకి కుదుళ్ల దగ్గర మళ్లీ ఉంగరాలు వచ్చాయి. పైన చీపురు, కింద ముళ్లకంప. పిలిచేవాడు "కోయదొరా" అనే పిలిచాడు, జుట్టు మారినా వాడి నోరు మారలేదు. సెలవులకి ఇంటికెళ్తే అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఏందయ్యా, జొరమొచ్చిందా? జుట్టు ఇట్టా పడిపోయిందేంది?" డబ్బు సంగతి అడగలేదు. అడిగినా బాగుండేది.

అందుకే తమ్ముడూ, ముందు ఒక మాట తేల్చుకుందాం. కొత్త కటింగ్ చేయించుకో, తప్పేం లేదు. బాగా కనపడాలనుకోవడం మన సంస్కృతికి ద్రోహం అని ఎవరైనా అంటే నమ్మకు. మన తాతలు తల అలంకారంలో ఎవరికీ తీసిపోలేదు. కొమ్ము డ్యాన్సులో కోయలు తలకి కొమ్ములు కట్టుకుంటారు. దండారిలో గుస్సాడీలు నెమలి ఈకల టోపీ పెడతారు. బస్తర్‌లో మురియా కుర్రాళ్లు చెక్కతో దువ్వెనలు చెక్కి ఇష్టపడ్డ అమ్మాయికి ఇచ్చేవాళ్లు. తల దువ్వుకోవడం మనకి పట్నం నేర్పిన విద్య కాదు. తేడా ఒక్కటే. వాళ్లు తాము ఎవరో కనపడాలని అలంకరించుకున్నారు. నేను ఎవరో కనపడకూడదని 1500 తగలేశా. నువ్వు కుర్చీలో కూర్చునేముందు ఇందులో ఏ పని చేస్తున్నావో నిన్ను నువ్వు అడుగు. "నాకు నచ్చింది" అని జవాబు వస్తే చేయించుకో. "అలా ఉంటే నన్ను వాళ్లలో ఒకడనుకుంటారు" అని వస్తే లేచి వచ్చెయ్.

ఇక అసలు పని. తక్కువలో ఎలా?

కటింగ్ ధర ఒక్కటే చూస్తే మోసపోతావు. అది ఎన్ని రోజులు నిలబడుతుందో చూడు. ఇప్పుడు అందరూ అడిగే ఫేడ్ ఉంది కదా, పక్కలు కింద నున్నగా మొదలై పైకి పోయేకొద్దీ ఒత్తుగా అయ్యేది. చూడ్డానికి బాగుంటుంది. కానీ జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నున్నగా తీసిన చోట అర సెంటీమీటరు పెరిగినా కనపడిపోతుంది. మూడు వారాలకి మళ్లీ కుర్చీ ఎక్కాలి. పట్నంలో నేను చూసిన మామూలు షాపుల్లో ఫేడ్ 150 దాకా ఉంది. పది నెలల కాలేజీ ఏడాదిలో 14 సార్లు అనుకో, 2100 రూపాయలు. అదే పక్కలు కత్తెరతో కాస్త ఒత్తుగా ఉంచి, పైన రెండు అంగుళాలు వదిలిన కటింగ్ వంద రూపాయల్లో అవుతుంది, ఆరు వారాలు మర్యాదగా ఉంటుంది. ఏడు సార్లు, 700. మధ్యలో మిగిలిన 1400 నీ సెమిస్టర్ పుస్తకాలు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియని మనకి ఇది చిన్న లెక్క కాదు.

షాపులో ఏం చెప్పాలో తెలియక నాలాగా "మీ ఇష్టం" అనొద్దు. ఈ మాటలు గుర్తుపెట్టుకో. "అన్నా, పక్కలు, వెనక నాలుగో నంబరు. పైన కత్తెరతో, రెండు అంగుళాలు ఉంచు. చెవుల చుట్టూ, మెడ వెనక శుభ్రం చెయ్." మిషన్ మీద ఒకటో నంబరు అంటే సుమారు 3 మిల్లీమీటర్లు మిగులుతుంది, మూడు అంటే 10, నాలుగు అంటే 13 దగ్గర. నంబరు పెరిగేకొద్దీ జుట్టు ఎక్కువ మిగులుతుంది, ఎక్కువ రోజులు ఆగుతుంది. భయంగా ఉంటే పెద్ద నంబరుతో మొదలుపెట్టమను. తక్కువైతే ఇంకా తియ్యొచ్చు, ఎక్కువ తీస్తే అతికించలేం.

నీ జుట్టు ఎలాంటిదో ముందు తెలుసుకో. మన అందరి జుట్టూ ఒకేలా ఉండదు. ఉంగరాల జుట్టు అయితే దాన్ని పోరాడి పడుకోబెట్టాలని చూడకు. పైన కాస్త పెరగనిచ్చి, పక్కలు తగ్గిస్తే చాలు, ఆకారం అదే వస్తుంది. తడిగా ఉన్నప్పుడే వెడల్పు పళ్ల దువ్వెనతో దువ్వు, ఆరాక దువ్వితే పొదలా లేస్తుంది. నిటారుగా, ముల్లులా నిలబడే ఒత్తు జుట్టు అయితే పక్కలు తగ్గించి పైన కొంచెం పొడవు వదులు, బరువుకి అదే పడుకుంటుంది. నడినెత్తిన సుడి ఉన్నవాళ్లు అక్కడ మరీ పొట్టిగా తీయించొద్దు, పిలకలా లేచి నిలబడుతుంది. షాపు అన్నకి సుడి ఉందని ముందే చెప్పు. ఫొటో చూపించాలనుకుంటే హీరో ఫొటో వద్దు, నీలాంటి జుట్టే ఉన్న ఎవరిదైనా చూపించు.

కాలేజీ మొదలయ్యే ముందురోజు మాత్రం వెళ్లకు. వారం, పది రోజుల ముందే చేయించుకో. కొత్త కటింగ్ తల మీద కుదురుకోడానికి ఆ మాత్రం టైం కావాలి. నచ్చకపోయినా సరిదిద్దుకునే వీలుంటుంది. మీ మండల కేంద్రంలో మీకు అలవాటైన షాపు ఉంటే అక్కడే చేయించుకుని రా, పట్నం కంటే నలభై, యాభై తక్కువే అవుతుంది.

కొత్త షాపులో కూర్చునేముందు "ఎంత అన్నా?" అని అడుగు. అడగడం పేదరికం కాదు. ఏసీ ఉన్నచోట కటింగ్ అయ్యాక "ఫేస్ మసాజ్ చేద్దామా, హెయిర్ స్పా చేద్దామా" అంటారు. మొహమాటపడితే వంద బిల్లు అయిదు వందలు అవుతుంది. "వద్దన్నా, కటింగ్ ఒక్కటే" అంటే ఎవరూ నిన్ను తినెయ్యరు. గడ్డం గీయించుకున్నా, మెడ దగ్గర కత్తి పెట్టించుకున్నా కొత్త బ్లేడు నీ కళ్లముందే మార్చమను. ఒకరి రక్తం అంటిన బ్లేడు ఇంకొకరికి తగిలితే హెపటైటిస్-బి లాంటివి రావొచ్చు. ఆ అన్నని అనుమానించినట్టు కాకుండా మర్యాదగా అడుగు. ఆయన కూడా తన కులవృత్తి పేరునే తిట్టులా వాడే ఈ సమాజంలో బతుకుతున్నవాడే. మన పేరుని తిట్టు చేస్తే ఎలా ఉంటుందో మనకి తెలుసు కదా. పెద్ద కంపెనీ పార్లర్ కంటే బస్టాండ్ పక్కన ఆ చిన్న షాపుకే నా ఓటు.

ఇంకా తక్కువలో కావాలంటే మేము సెకండియర్‌లో చేసిన పని చెప్తా. రూమ్‌లో ఆరుగురం తలా 200 వేసుకుని 1200కి ఒక ట్రిమ్మర్ కొన్నాం. మాలో ఒకడికి చెయ్యి తిరిగింది. మొదటి రెండు తలలు పాడుచేశాడు, అందులో ఒకటి నాది. తర్వాత బాగా నేర్చుకున్నాడు. గూడెంలో ఒకరికొకరం కత్తిరించుకునేది మనకేం కొత్త కాదు కదా! ఒక్క జాగ్రత్త. ఒకరికి వాడాక బ్లేడు బ్రష్‌తో దులిపి స్పిరిట్‌తో తుడవాలి. తలలో తామర గానీ, పుండ్లు గానీ ఉన్నవాడు తగ్గేదాకా ఆగాలి. దువ్వెన, తువ్వాలు ఎవరివి వాళ్లవే.

స్ట్రెయిటెనింగ్ జోలికి పోవద్దని నా కథే చెప్పింది. అలాంటి క్రీముల్లో కొన్ని వేడికి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువు వదులుతాయి, కళ్లకి, ఊపిరికి మంచిది కాదు. రంగు వేసుకోవాలని ఉంటే నీ ఇష్టం. కానీ చాలా రంగుల్లో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, కొందరికి పడక మొహం వాచిపోతుంది. చెవి వెనక చుక్క పెట్టి 48 గంటలు చూశాకే తలకి పెట్టు. ఇక నూనె, షాంపూల సంగతి. కుంకుడుకాయలు, సీకాయ మన అడవిలోవే. మన వాళ్లు ఏరుకొచ్చి గిరిజన సహకార సంస్థకి అమ్ముతారు, ఆ సంస్థ 1956 నుంచి ఇలాంటి సరుకే కొంటోంది. మనం ఏరి అమ్మినదాన్ని పట్నంలో రంగు సీసాల్లో తిరిగి కొనుక్కునే ముందు ఇంటి నుంచి ఒక సంచి తెచ్చుకో. వారానికి ఒకట్రెండు సార్లు కుంకుడు రసంతో తలస్నానం చాలు. కళ్లల్లో పడకుండా చూసుకో, మంట మాత్రం మామూలుగా ఉండదు.

చెల్లెళ్ల జుట్టు గురించి ఇందులో రాయలేదు. అది చెల్లెళ్లే రాయాలి. రాస్తే నేనే మొదట షేర్ చేస్తా.

ఇప్పుడు చట్టం. ఇది కూడా కటింగ్ విషయమే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015లో దాన్ని సవరించినప్పుడు సెక్షన్ 3(1)(ఇ)లో మనలాంటి వాళ్లకి బలవంతంగా గుండు గీయడం, మీసాలు తీసేయడం లాంటి పనులని నేరాలుగా పేరుపెట్టి రాశారు. ఎందుకు రాయాల్సి వచ్చింది? అవి జరిగాయి కాబట్టి. తల మీద వెంట్రుక చిన్న విషయం అయితే పార్లమెంటు దాన్ని చట్టంలో రాయదు. అలాగే యూజీసీ ర్యాగింగ్ నిబంధనలు 2009లో వచ్చాయి. 2016 సవరణతో కులం, జాతి, రంగు, ప్రాంతం, భాషతో పాటు రూపాన్ని పట్టుకుని వేధించడం కూడా ర్యాగింగే అని చేర్చారు. నీ జుట్టు చూసి, రంగు చూసి, యాస విని రోజూ ఆటపట్టిస్తుంటే అది "సరదా" కాదు, నిబంధనల ప్రకారం ర్యాగింగ్. జాతీయ ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522. ఫోన్‌లో సేవ్ చేసుకో.

ఏదైనా జరిగితే ఆ రోజే తేదీ, టైం, ఎవరు, ఏమన్నారు, పక్కన ఎవరున్నారు అని నోట్‌బుక్‌లో రాసిపెట్టు. ఒంటరిగా మోయకు. హాస్టల్‌లో మన సీనియర్‌కి చెప్పు, మాకు చెప్పు. నేను ఆ రోజు రాసుకోలేదు, ఎవరికీ చెప్పలేదు, పార్లర్‌కి వెళ్లా. నాకు హక్కు ఉందని తెలియక జుట్టు మార్చుకుని సర్దుకున్నా. మీకు ఆ గతి పట్టకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

కటింగ్ నిన్ను కాపాడదు తమ్ముడూ. ఏ కటింగ్ చేయించుకున్నా అటెండెన్స్‌లో పేరు పిలిచినప్పుడు, స్కాలర్‌షిప్ లిస్టు గోడకి అంటించినప్పుడు నువ్వెవరో తెలిసిపోతుంది. తెలియనీ. శుభ్రమైన తల, నీకు నచ్చిన జుట్టు, జేబులో మిగిలిన డబ్బు. వీటితో క్లాసులో ముందు బెంచీలో కూర్చో. నీ నెత్తి మీద ఏముందో చూసేవాళ్లు కొన్నాళ్లకి నీ నోట్సు అడుగుతారు. నాదీ అడిగారు. చెయ్యి చాపిన ఆ సీనియర్ అడగలేదులే, అందరూ మారతారని నేను అబద్ధం చెప్పను.

ఒక్క చివరి మాట. షాపులో మెడకి గుడ్డ చుట్టగానే ఆ అన్న మాటల్లో పెడతాడు. "ఏ ఊరు తమ్ముడూ?" అని అడుగుతాడు. ఫస్టియర్ అంతా నేను "భద్రాచలం" అని చెప్పా. మా ఊరు భద్రాచలం కాదు, అక్కడి నుంచి ఇంకా ముప్పై కిలోమీటర్లు లోపలికి పోవాలి. డిగ్రీ అయిపోయే ముందు ఒకసారి నోరు తెరిచి మా గూడెం పేరు చెప్పా. ఆ అన్న కత్తెర ఆపలేదు. "అక్కడ ఇప్పపువ్వు బాగా దొరుకుతుందంట కదా?" అన్నాడు. అంతే. మూడేళ్లు నేను భయపడింది దానికి.

నిన్ను కూడా అడుగుతారు. ఊరి పేరు చెప్పు.

జోహార్.